తుపాకియు దాని బారును

నెల్లూరు సీమ దక్షిణపుఁగొనను, నాయుడుపేటకును సూళ్లూరుపేటకును నడుమ, చెన్నపట్టణము త్రోవలో దొరవారిసత్రమను నూరు గలదు. 2022 వఱకు నెల్లూరు జిల్లాలో నుండి, ఆ యేఁట తిరుపతి జిల్లాలోఁ జేరినది. అమరసింహుఁడు సత్రశబ్దమునకు ఆచ్ఛాదనము, యజ్ఞము, ఎడతెగని దానము, వనము అని నాలుగర్థములు చెప్పియున్నాఁడు. బాటసారులకుఁ గూడుపెట్టు నిల్లు సత్రమగుట మూఁడవ యర్థమువలన. నాలుగవ యర్థము తెనుఁగువాడుకలోనికి రాలేదు గాని, యీ యూరికి మాత్రము అదియు నొప్పును. తూర్పున ప్రళయకావేరి యని పేరొందిన పులికాటు సరస్సు, దాని కావల శ్రీహరికోట యడవి, పడమట వెలికొండలు, నడుమ చిట్టడవులును జెఱువులును. అడవిపందులు, జింకలు, లెక్కకు మిక్కిలి నీటిపక్షులు. కౌటిల్యుఁడు సత్రమును పొంచియుండుటకుఁ దగిన చోటను నర్థమున వాడినాఁడు గనుక వేఁటకు నీ పేరు మఱింత దగ్గఱ.

ఇట్టి సీమలలో వేఁటకాని చేతికిఁ దుపాకి వచ్చిన చరిత్రమును పండితులు విచారించునపుడెల్ల, తుపాకి యెపుడు పుట్టినది, ఎవరిది యను ప్రశ్నయే ముందునకు వచ్చుచున్నది. తుపాకి యనఁగా ఇనుపగొట్టమే యని వారి తలంపు. వేఁటకానికి గొట్టము సగము మాత్రమే. ఆ గొట్టము భరింపఁగలిగినంత మందు, ఆ మందు త్రోయఁగలిగినంత గుండు, ఈ రెండును గలిసి బారు. తుపాకి నింపుటను నేఁటికిని బారుచేయుట యందురు. ఒక గొట్టమునకుఁ గుదిరిన బారు వేఱొకదానికిఁ గుదురదు. ఆ కుదురును వెదకుటయే పనివాని విద్య. వేఁటకాని విద్యయు నదియే. దీని చరిత్రము గ్రంథములలోఁ గంటె మాటలలో నెక్కువగా దొరకును.

ముందుగా గ్రంథముల సంగతి. చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యుఁడగు గుస్తావ్ ఆపర్టు 1880లో ప్రాచీనహిందువుల యాయుధములను గూర్చి యొక పుస్తకము ప్రకటించి, శుక్రనీతిని, నీతిప్రకాశికను సాక్ష్యముగాఁ జూపి, తుపాకియు మందును భరతఖండమునందుఁ బ్రాచీనకాలముననే యుండెనని వాదించెను. 1882లో శుక్రనీతిసారమును ముద్రింపించెను. నాఁటినుండి యీ మాట మన పాఠశాలలలోను సభలలోను తఱచుగా వినఁబడుచున్నది. శుక్రనీతిలో నాలికలు రెండు విధములు: పెద్దది, చిన్నది. మందునకు పెట్లుప్పు ఐదు పలములు, గంధకము ఒక పలము, జిల్లేడు జెముడు మొదలగువాని బొగ్గు ఒక పలము. తుపాకికైనచో పెట్లుప్పు నాలుగుగాని యాఱుగాని పలములుండవచ్చును. చిన్ననాలికకు సీసపుగుండైనను వేఱు లోహపుగుండైనను దగును. కొలఁత సమంజసమైనదే. వ్రాసినవానికి మందుసంగతి తెలిసియుండె ననుటలో సందేహము లేదు.

చిక్కంతయుఁ దరువాతి మాటలోనున్నది. ఆ చిన్ననాలిక మొదట నొక యంత్రము గలదనియు, దాని దెబ్బకు ఱాయి నిప్పు రాల్చుననియు గ్రంథకర్త చెప్పుచున్నాఁడు. ఇది చెకుముకితుపాకి. అట్టిది ఐరోపాలోనే 17వ శతాబ్దపుఁ దొలినాళ్లలోఁ గాని కుదురుకొనలేదు. అంతకుముందు తుపాకులలోఁ బెక్కు వత్తితో ముట్టింపఁబడునవే, లేదా ఇనుపచక్రముతో నిప్పు రాల్చునవే. కాఁబట్టి శుక్రనీతిలోని యీ భాగము ప్రాచీనమని చెప్పఁదలఁచినవారు మొదట నా ఱాతికి సమాధానము చెప్పవలసియుండును. 1962లో లల్లన్‌జీ గోపాల్ అను చరిత్రకారుఁ డా గ్రంథమే 19వ శతాబ్దమునాఁటిదని వాదించెను. అంత దూరము పోయినను పోకున్నను, దానిని వ్యాసవాల్మీకుల కాలమునకు సాక్ష్యముగాఁ దెచ్చుట చెల్లదు.

శతఘ్నీశబ్దముపై నాధారపడినవారి వాద మింకను బలహీనము. హన్‌ధాతువునకు టక్ ప్రత్యయము, స్త్రీత్వమున ఙీప్ వచ్చి శతఘ్ని యైనది. ఆ టక్కును విధించిన పాణినిసూత్రము కర్త మనుష్యుఁడు కాఁడనుచున్నది, అంతే. అది గొట్టమో, ముండ్లు దిగఁగొట్టిన దుంగయో సూత్రము చెప్పదు. వ్యాఖ్యాతలు కొందఱు ముండ్లుగల యాయుధమనియే చెప్పిరి. తెనుఁగున నాధునికులు శతఘ్నిని ఫిరంగికిఁ బర్యాయముగా వాడుకొనుట వారి సౌకర్యము. దానివలన లంకాప్రాకారముపైకి ఫిరంగులెక్కవు.

నెల్లూరు సీమకు సన్నిహితమైన సంస్కృతసాక్ష్య మొకటి నిజముగాఁ గలదు. గజపతి ప్రతాపరుద్రదేవుని పేర కౌతుకచింతామణి యను గ్రంథమున్నది. ఆయన 1497లో రాజ్యమునకు వచ్చెను. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి పట్టువఱకు ఉదయగిరి దుర్గ మాయనదే. ఆ గ్రంథమున బాణసంచాపాకములు గలవని పరశురామకృష్ణ గోడే 1953లో వెల్లడించెను. గంధకము, బొగ్గు, ఇనుపరజను, పాదరసము, వెదురుగొట్టము, వీనితోఁ బాటు యవక్షారము అందులోఁ బేర్కొనఁబడినవి. వైద్యగ్రంథములలో యవక్షారమనఁగా యవలను గాల్చిన బూడిదనుండి తీసిన క్షారము. అది ప్రేలదు. మందుపనివాని చేతఁ బడి యా పాతపేరే పెట్లుప్పునకు సంక్రమించినది. కొత్త వస్తువునకు సంస్కృతములోఁ బేరు లేకపోఁగా శాస్త్రకారుఁడు వైద్యుని యింటనుండి యొకపేరు ఎరువు తెచ్చుకొనెనన్నమాట. ఇట్టి యెరువే యా విద్య యప్పటికిఁ గ్రొత్తదని సూచించుచున్నది. గోప్యముగా వేల యేండ్లుగా నున్న విద్యకు సొంతపేరు లేకుండునా?

తెనుఁగుపేరు పెట్లుప్పు మాత్రము స్వచ్ఛమైనది. పెట్లుట యనఁగాఁ బ్రేలుట. పెట్లెడి యుప్పు పెట్లుప్పు. అఱవమునను ‘వెడియుప్పు’ అని సరిగా నదే భావము. దీనినే హిందుస్థానీనుండి వచ్చిన మాటతో సూరేకార మనియు నందురు. చౌటిమన్ను నీళ్లలోఁ గలిపి వడకట్టి, కాఁచి, దీనినిఁ దీయుట ఉప్పరుల వృత్తులలో నొకటిగా నుండెడిది.

మందు అను మాట మఱింత విచిత్రము. తెనుఁగున నౌషధమునకును బ్రేలుడుపొడికిని ఒకటే పేరు. కన్నడమునను అఱవమునను నంతే. మహారాష్ట్రులకు ‘దారూ’ ప్రేలుడుమందు. పారసీకమునఁ ‘దారూ’ ఔషధము. చీనావారు దీనికిఁ బెట్టిన పేరునకు ‘నిప్పుమందు’ అనియే యర్థము. చీనాలో 9వ శతాబ్దిలో దీర్ఘాయుష్షునకై రసవాదులు చేసిన ప్రయోగములలో నిది పుట్టెనని చరిత్రకారుల నిర్ణయము. వస్తువు చేతులు మాఱుచు వచ్చిన త్రోవలోనే పేరును దన భావముతోఁ గూడ వచ్చినట్లున్నది. మందుగుండు అనునది ద్వంద్వసమాసము: మందును గుండును. ఇందులో రెండు పదములు నచ్చ తెనుఁగువి. వానికి నడుమనుండు తుపాకి మాత్రము పరదేశి.

తుపాకి తురుష్కభాషలోని ‘తుఫెక్’. 11వ శతాబ్దపు తురుష్కనిఘంటుకర్త మహమూద్ కాష్గరీ దీని పూర్వరూపమును పిట్టలఁగొట్టు నూఁదుగొట్టమను నర్థమునఁ జెప్పెను. ఊపిరితో గుండును ద్రోయు గొట్టము పేరే మందుతోఁ ద్రోయుదానికిఁ బెట్టిరి. అది దక్కను ముసల్మానుల సేనలతో వచ్చి తెనుఁగు, కన్నడము, అఱవములలో నాటుకొనెను. ఫిరంగి యనునది జాతిపేరు. పరాసులు మొదలగు పడమటివారికి ముసల్మాను లిచ్చిన ‘ఫరంగీ’ అను పేరు వారు తెచ్చిన పెద్దగొట్టమునకు వచ్చినది. 16వ శతాబ్దమున భావమిశ్రుఁడు వారు తెచ్చిన రోగమునకును ఫిరంగమనియే పేరు పెట్టెను. 1520లో రాయచూరు ముట్టడిలో క్రిస్తోవాఁవు ద ఫిగైరేదు అను పోర్చుగీసువాఁడు తన తుపాకివాండ్రతో రాయలకు సాయపడి, కోటగోడమీఁదివారిని గుఱిపెట్టి కొట్టించెనని నూనిజు వ్రాసినాఁడు. గొట్టమును గుండును దగినట్లు కుదిరినఁ గాని యంతటి గుఱి సాధ్యము కాదు.

తక్కిన మాటలలో మూఁడు సంస్కృతపండితుని మోసపుచ్చఁజాలినవి. రంజకము: చూచుటకుఁ దత్సమము, రంగు వేయునది యని యర్థము వచ్చును, తుపాకిశాస్త్రమున నది హిందుస్థానీ ‘రంజక్’, గొట్టపుఁజెవిలోఁ బోయు ముట్టింపుమందు. గజము: ఏనుఁగు కాదు, పారసీకపు ‘గజ్’, బారును లోనికి దట్టించు సన్నని కడ్డీ. బట్టలు కొలుచు గజమును దానితోడిదే. జామగి: వత్తితుపాకిని ముట్టించు త్రాడు, దీనిని జామునుండి సాధింపఁబూనుట వృథా. ఇట్టి మాటలను లాక్షణికులు అన్యదేశ్యములని త్రోసివేసిరి. 1854లో బ్రౌనుదొర మిశ్రభాషానిఘంటువును వేఱుగాఁ గూర్చి అచ్చు వేయింపకున్నచో, కచ్చేరీలలోను దండులలోను వాడిన యిట్టి మాటలలోఁ బెక్కింటికి దిక్కు లేకపోయెడిది. పద్యములలో రాని మాట భాషలో లేనట్లే యెంచుట వైయాకరణుల కులవిద్యగా మాఱినది. ఆ యుపేక్షవలన నొక శిల్పముయొక్క చరిత్రమే యడుగంటినది.

ఆ శిల్పము తెనుఁగుతీరమునకు దూరపుది కాదు. ప్రళయకావేరి దక్షిణపుటంచున పులికాటులో డచ్చివారు 1613 నాఁటికి గెల్డ్రియా యను కోటను గట్టిరి. 17వ శతాబ్దపుఁ బూర్వార్ధముననే యచ్చట మందుకర్మాగారమును నడపిరి. అక్కడి మందు ఓడలపై బటావియా మొదలగు తావులకుఁ బోయెడిది. పడమట వేంకటగిరి, కాళహస్తి సంస్థానములు కర్నాటక నవాబునకు సైన్యము పెట్టవలసినవి. 1802లో ఇంగ్లీషు కుంపిణీవారు వానికి శాశ్వతపు సన్నదు లిచ్చి, సైన్యసేవకు బదులు రొక్కము నిర్ణయించిరి. అటుపిమ్మట తుపాకికి యుద్ధపుఁబని తీఱి, పంటకాపునకును వేఁటకును మిగిలినది.

నాటుతుపాకిని ఇనుపపట్టీని కడ్డీచుట్టుఁ జుట్టి, కాల్చి, అతుకునట్లు సుత్తితోఁ గొట్టి, పిదప లోపల తొలిచి చేసెడివారు. చేతిపని యగుటచే నే రెండు గొట్టముల రంధ్రమును సరిగా నొకటిగా నుండదు. అందుచేఁ దుపాకితోఁ బాటు దానికిఁ దగిన గుండ్లఅచ్చునుగూడ నుంచుకొనవలసినది. సీసము కరఁగి యా యచ్చులోఁ బోయుదురు. కొమ్ములోని మందును గొలఁతగా గొట్టమునఁ బోసి, పీలిక దోపి, గజముతో దట్టించి, గుండునుగాని రవలనుగాని వేసి, మరల పీలిక దోఁపుదురు. పందికి గుండు, పిట్టకు రవలు. మందు తక్కువైన గుండు దారిలోఁ జచ్చును. ఎక్కువైనచో కొంత కాలకయే మూతినుండి పోవును, భుజమునఁ దన్నును. గొట్టము బలహీనమైనదైనఁ బగులును. పెక్కుదేశముల వేఁటకాండ్రలో నొక మోటు కొలఁత యుండెడిది: అరచేత గుండు నుంచి, అది కనఁబడకుండునంత మందు పోయుట. అది మొదలు మాత్రమే. తరువాత చెట్టునకు గుఱి కట్టి, కొంచెము తగ్గించి, కొంచెము పెంచి, గుండ్లు దగ్గఱదగ్గఱగాఁ దగులు కొలఁత నెఱుఁగవలయును. ఎఱిఁగినపిదప నా కొలఁతకు వెదురుముక్కనో కొమ్ముముక్కనో కోసి యుంచుకొన్నచో, అది యా తుపాకికి జన్మాంతము చెల్లును.

నెల్లూరు చిత్తూరు సీమలలో ఈ విద్యను చివరివఱకు నిలుపుకొన్నవారిలో నక్కలవారు ముఖ్యులు. అఱవదేశమున వారినే నరికురవ లందురు. వారి యింటిభాష ఆర్యభాషాకుటుంబమునకుఁ జేరినది. సంచారము చేయుచు, మూతినుండి నింపు నాటుతుపాకులతోఁ గొంగలను బాతులను నక్కలను గొట్టి జీవించిరి. తెలంగాణమున జానపదులు వేఁటదొరను పరిహసించుటకుఁ బిట్టలదొర యను వేషమును గల్పించిరి. కఱ్ఱతుపాకి భుజమున వేసికొని కోఁతలు గోయుచు వచ్చు నాతనికిఁ దుపాకిరాముఁడని నామాంతరము. అక్షరాస్యులకుఁ బిట్టలదొర తెలిసినంతగా, నిజముగాఁ బిట్టల గొట్టి బ్రతికినవారు తెలియకుండుట శోచనీయము.

తూటా యను మాటతో నీ చరిత్రము మలుపు తిరుగుచున్నది. మందును గుండును ముందే కాగితపుఁబొట్లముగాఁ గట్టినది మొదటి తూటా. బారును గొలుచు పని వేఁటకాని చేతినుండి తీసివేసి, యెవ్వరో యెక్కడనో కొలిచి యిచ్చుట దీని తత్త్వము. 1857లో సిపాయీలు కలఁతపడినది తుపాకిని గూర్చి కాదు, తూటాను గూర్చి. దానికిఁ బూసిన క్రొవ్వు దేనిదో వారి కెఱుక లేదు. పిదపఁ గాగితమునకు బదులు ఇత్తడిడొల్ల వచ్చెను. డొల్ల యడుగున నిప్పు పుట్టించు టోపి, లోపల మందు, మూతిని గుండు. గొట్టములోపలఁ బురివలె గాళ్లు తీసి గుండును బొంగరమువలెఁ ద్రిప్పు రైఫిలులు సామాన్యమయ్యెను. 1884లో పరాసుదేశీయుఁడగు వియేల్ పొగలేని మందును గనుఁగొనఁగా, ఇంగ్లీషువారు 1889లో కార్డైటు నేర్పఱచుకొనిరి. 20వ శతాబ్దారంభమున నీలగిరులలో అరువంకాడునొద్ద కార్డైటు కర్మాగారము వెలసినది.

కార్డైటున కొక దోషము: ఎండ హెచ్చినకొలఁది దాని యొత్తిడి హెచ్చును. సీమలోఁ జలిగాలికిఁ దూఁచిన బారు, రోహిణికార్తెలో నెల్లూరు రేవున రైఫిలుగదిలోఁ బ్రేలినపుడు డొల్ల గదికిఁ గఱచుకొని యూడిరాకపోవచ్చును. ఈ యాపదను గ్రహించి ఇంగ్లీషు తుపాకిపనివారు వేఁడిదేశములకు మందు తగ్గించిన తూటాలను వేఱుగాఁ జేసి యమ్మిరి. గొట్టమునకే గాక దేశమునకును బారు కుదురవలయునని కర్మాగారములుగూడ నొప్పుకొనవలసివచ్చినది.

ప్రభుత్వమునకుఁ దుపాకికంటెఁ దూటాయే యెక్కువ భయము. 1878 నాఁటి యాయుధశాసనము సెలవుచీటి లేక ఆయుధము నుంచుకొనుటను నిషేధించినది. అది చాలక 1907లో 450 సంఖ్యగల రైఫిలులను భారతదేశమునకుఁ దెచ్చుట నాపిరి. ఆ సంఖ్యకు గొట్టపురంధ్రము అంగుళమున వేయింట 450 పాళ్లని యర్థము. సైన్యపుఁ బాత మార్టినీ తుపాకులకు గుండు నదే కొలఁత యగుటచే, దొరల వేఁటసామగ్రి తిరుగుబాటుదారుల చేతఁ బడునని వారి శంక. ఆ శంక యూరక పోలేదు. 1922 ఆగష్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసుఠాణాపైఁ బడినపుడు దోఁచుకొన్నది ధనము కాదు, తుపాకులును దూటాలును.

ఆ నిషేధమువలన వేఁటతుపాకి కొక క్రొత్త యుపజ్ఞ కలిగినది. ఇంగ్లీషు శిల్పులు 450ని విడిచి 470, 475, 476 మొదలగు కొలఁతల నాశ్రయించిరి. హాలండు అండ్ హాలండు వారు 500 సంఖ్యగల డొల్ల మెడను నొక్కి 465 గుండు పట్టునట్లు చేసిరి. సైన్యపు 303 తూటాయు పౌరులకు నిషిద్ధమగుటచే, ఆస్ట్రియా మాన్లిఖరు తూటా 315 అను పేర వేఁటకాండ్ర చేతికి వచ్చెను. స్వాతంత్ర్యానంతరమును ఇచ్ఛాపురపు రైఫిలు కర్మాగారమున 315 వేఁటరైఫిలులు చేయఁబడినవి. వంగదేశపు ఇచ్ఛాపురము వేఱు, గంజాము సరిహద్దున నున్న తెనుఁగు ఇచ్ఛాపురము వేఱు. శాసనమునకు లొంగియు లొంగని యీ మార్పులలో ముఖ్యమైన దొక్కటే: డొల్ల ఒకదానిది, గుండు వేఱొకదానిది.

అమెరికాదేశమున నిదే పనిని శాసనభయము లేక, కుతూహలముచేతనే చేసిరి. ఏ కర్మాగారమును జేయని తూటాను దానికై తొలిపించుకొన్న రైఫిలుతోఁ గూడ వారు ‘వైల్డ్‌క్యాట్’ అనఁగా నడవిపిల్లి యందురు. ఇంటఁ బెంచినది కాదని భావము. పేరు బాగుగనే యున్నది. నీడ్నరు అను శిల్పి 1920 ప్రాంతమున సైన్యపు ‘ముప్పది–సున్న ఆఱు’ డొల్ల మెడను సన్నగించి అంగుళపు నాలుగవపాలు గుండునకుఁ గుదిర్చెను. అది దాదాపు అర్ధశతాబ్ది యడవిపిల్లిగానే యుండి, 1969లో రెమింగ్టను కర్మాగారమువారి యంగీకారము పొందెను. రాబర్ట్సు అను వేఁటకాఁడు జర్మనుల మౌజరు డొల్లనుండి కల్పించినది 1934లోనే యంగడి కెక్కినది.

ఇందలి పనిక్రమము నాటుతుపాకిని మరల మరల తలఁపునకుఁ దెచ్చును. శిల్పి మొదట తూటా యాకృతిని గీసి, ఆ యాకృతికి సరియగు బరమా చేయించి గొట్టపు మొదలి గదిని దొలుచును. పాతడొల్లను అచ్చులో నొక్కి మెడ సన్నగించును. కొన్నింటి భుజము గదికిఁ జాలదు. వానిని తక్కువ మందుతో నింపి యా గదిలోనే ప్రేల్చినచో ఇత్తడి పొంగి గది రూపమును దాల్చును. అనఁగా నా డొల్ల యా తుపాకికే సొంతమగును. పిదప బారు వెదకుట. ఎవ్వరును దూఁచి చూపినది కాదు గనుక, క్రింది కొలఁత మొదలుపెట్టి కొంచెముగాఁ బెంచుచు, ప్రతిసారియు డొల్లను, టోపిని పరీక్షింపవలయును. టోపి చదునై పోవుట, తలుపు బిగియుట, ఇవి ‘ఇఁకఁ జాలు’ నను చిహ్నములు. వేగమొక్కటే కోరువాఁడు ఈ చిహ్నములను లక్ష్యపెట్టఁడు, కన్ను పోఁగొట్టుకొనును. గుఱి కోరువాఁడు అంతకు మున్నే యొక కొలఁతయొద్ద గుండ్లు గుమిగూడి తగులుట చూచి నిలుచును. వెదురుముక్కతోఁ గొలిచిన నక్కలవాఁడును నక్కడనే నిలిచెను.

కొలఁతకు వారు వాడునది గ్రెయిను. అది పూర్వము యవగింజ యెత్తు. మనుస్మృతి యాఱు తెల్లావాలు నొక యవ, మూఁడు యవలు నొక కృష్ణల యని చెప్పుచున్నది. కృష్ణల యనఁగా గురివింద. గురివిందకు నేఁటి లెక్కను గ్రాములో నెనిమిదవపాలు. ఇంగ్లీషువారి గ్రెయిను రమారమి దానిలో సగము. కంసాలి త్రాసున బంగారము తూఁచు యవకృష్ణలములతో నెవఁడైన మందు తూఁచినను తప్పు రాదు. శుక్రనీతి పలములతో లెక్క చెప్పుట పెద్దయెత్తున మందు నూఱువానికి. తుపాకి నింపువానికి యవలే ప్రమాణము. ప్రాచీనవిద్య యని యభిమానించువారు నాలికలను వెదకుటకంటె నీ తూనికలను విచారించినచో సత్యమునకు దగ్గఱ యగుదురు.

తెనుఁగుసీమలో నడవిపిల్లి రైఫిలులు పెరుగుట కవకాశము లేకపోయెను. తిరుపతికిఁ బడమట నున్న చామల లోయలోఁ బులిని వేఁటాడిన కథ వ్రాసిన కెన్నెత్ ఆండర్సను చేతనున్నది వించెస్టరు వారి 405. అది 1904 నాఁటి యంగడి తూటాయే. 1959 నాఁటి ఆయుధశాసనము ప్రకారము సెలవుచీటి లేక తుపాకిగాని తూటాగాని తయారుచేయుట నేరము. 1972లో వన్యప్రాణి సంరక్షణశాసనము వచ్చి వేఁటయే ముగిసినది. నక్కలవారు పూసలదండలమ్మి జీవింపవలసినవారైరి.

దొరవారిసత్రపు మండలముననే యున్న నేలపట్టు చెఱువు 1976లో పక్షిరక్షితస్థల మయ్యెను. నీటఁ బెరుగు కడపచెట్లపై గూడబాతులు గూళ్లు గట్టును. వాని రెట్ట గలిసిన చెఱువునీరు పొలములకు సారమని యూరివారు శాసనమునకు ముందునుండియు వానిని జోలికిపోక కాపాడిరి. ప్రళయకావేరి కావల శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న రోహిణి యను చిన్న రాకెట్టు నెగురవేసిరి. దానికి నడుగునఁ గాలినదియు గట్టి మందే, గొట్టమునకుఁ దగినట్లు కొలిచి పోసినదే. పత్రికలు దానిని ఘన ఇంధన మని వ్రాయుచున్నవి. పెట్లుప్పు, బారు, రంజకము, జామగి యను మాట లెఱిఁగిన ముసలివా రింకను నెల్లూరు వెలికొండల పల్లెలలో నున్నంతలోనే, ఒక్కొక్క మాటకు వారు చెప్పు నర్థమును, చేతితోఁ జూపు కొలఁతను వ్రాసికొనుట పాఠశాలాపండితులకు సాధ్యమగు పని.